ముప్పయ్యొకటో సీటు

నహార్‌కి డిగ్రీ చేతికి రావాలంటే నూట ముప్పైరెండు క్రెడిట్ గంటలు పూర్తవ్వాలి. నూట ఇరవైతొమ్మిది అయ్యాయి. మిగిలింది మూడు గంటల పేపరు ఒక్కటే, కంపైలర్లు. ఆ పేపరు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. ఒక్క సెక్షనే పెడతారు. అందులో ముప్పై సీట్లు. ఏడేళ్ళలో చదువు ముగించనివాడి పేరు యూనివర్సిటీ కొట్టేస్తుంది. నహార్‌కిది ఏడో ఏడు. ఫాస్ఫేట్ గనిలో తండ్రి కాలు పోయాక రెండేళ్ళు లారీ తోలాడు. ఆ రెండేళ్ళనూ యూనివర్సిటీ లెక్కలోంచి తియ్యలేదు.

ఆ సీటు దొరికితే కంప్యూటర్ చదువు చదివినవాడు. దొరక్కపోతే లారీ డ్రైవరు. మధ్యలో ఇంకేమీ లేదు.

సీటు పట్టడానికి నహార్ తెగ జవాషిన వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. అవతలి తెగ నవాబిక వాళ్ళకూ అదే పద్ధతి. మార్కులు బాగున్నవాడికి రిజిస్ట్రేషన్ పొద్దున ఎనిమిదికే తెరుచుకుంటుంది. మార్కులు తక్కువై హెచ్చరిక మీద ఉన్నవాడికి పదకొండుకు. అందుకని బాగా చదివే చుట్టం ముందు పోయి, తనకు అక్కర్లేని సీటులో తన పేరు వేసుకుంటాడు. వెనకవాడి టైము వచ్చాక ఇద్దరూ పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. ఒకడు వదులుతాడు, రెండోవాడు పట్టుకుంటాడు. బస్సులో తువ్వాలు వేసి సీటు ఆపినట్టే.

నహార్ తువ్వాలు హాయిల్. పెదనాన్న దహామ్ కొడుకు, నహార్ కంటే మూడేళ్ళు చిన్న. చదువులో చురుకు. కోపంలో అంతకంటే చురుకు. ఎనిమిదికే సీటు పట్టేసి, పదకొండుదాకా ల్యాబులో కూర్చుని నువ్వుల రొట్టె తిన్నాడు.

పదకొండయింది. నహార్ వేలు మీట మీద పెట్టాడు.

"అన్నా, మూడు అనగానే నేను వదుల్తా. నువ్వు ఆలస్యం చేశావో, నీ పెళ్ళికి రాను."

"లెక్కపెట్టరా."

"ఒకటి, రెండు, మూడు."

హాయిల్ వదిలాడు. నహార్ మీట నొక్కాడు. సెక్షన్ నిండిందని తెర చెప్పింది. మళ్ళీ నొక్కాడు. అదే మాట.

"నువ్వు వదల్లేదురా."

"వదిలాను, చూడు! నా పేరు లేదుగా!"

"మరి సీటేదీ?"

రిజిస్ట్రేషన్ ఆఫీసు అద్దానికి రెండు వారాలుగా ఒక నోటీసు అంటించి ఉంది. ఈ ఏటి నుంచి ఎవరైనా సీటు వదిలితే అది వెయిటింగ్ లిస్టులో మొదటివాడికి దానంతటదే పోతుందని అందులో రాశారు. హాయిల్ రోజూ ఆ అద్దానికి ఆనుకునే సిగరెట్ తాగేవాడు. జవాషిన వాళ్ళలో ఒక్కరూ అది చదవలేదు. కబురన్నది చుట్టం నోట రావాలి గాని గోడమీద నుంచి వస్తుందా?

ల్యాబు మనిషి లిస్టు తీసి చూపించాడు. ముప్పయ్యో పేరు మితిబ్‌ది. నవాబిక వాడు.

నహార్ ఆ పేరు పైకి చదివాడు. ల్యాబులో జవాషిన వాళ్ళు నలుగురున్నారు. అందరూ విన్నారు. ఆ పేరు లోపలే చదువుకుని ఉండవలసిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మితిబ్ కింద టీ కొట్టు దగ్గర ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నహార్ అతని ముందు నిలబడి, ఎప్పుడూ ఎవరినీ అడగనంత మెత్తగా అడిగాడు.

"మితిబ్, నీకింకా ఏడాదుంది. నాకిదే ఆఖరు. ఆ సీటు వదిలెయ్. వచ్చే ఏడు నీకు నేను దగ్గరుండి సీటు పట్టిస్తా."

"పొద్దున ఎనిమిదీ పదికి లిస్టులో పేరు వేయించుకున్నా. రూలు ప్రకారం వచ్చింది. నేను దొంగిలించలేదు."

"దొంగిలించావని అన్లేదు. అడుగుతున్నా."

మితిబ్ కాస్త ఆలోచించాడు. ఇచ్చేవాడేమో. కాని వెనక హాయిల్ గుర్రుగా చూస్తున్నాడు. మితిబ్ పక్కన అతని స్నేహితులున్నారు. వాళ్ళ ముందు మెత్తబడితే చిన్నతనమైపోతుంది. నవ్వాడు.

"మూడు గంటలు మీ హాయిల్ కోడిపెట్టలా కూర్చుని పొదిగాడు. పిల్ల మా గూట్లో పుట్టింది. ఏం చేస్తాం?"

స్నేహితులు పగలబడి నవ్వారు. హాయిల్ నవ్వలేదు. వేడి టీ గ్లాసు మితిబ్ మొహాన కొట్టాడు. గ్లాసు నుదుటి మీద పగిలింది. మితిబ్ కళ్ళు నులుముకునేలోగా డొక్కలో తన్నాడు. మితిబ్ స్నేహితుడొకడు ఇనుప కుర్చీ ఎత్తి హాయిల్ వీపు మీద వేశాడు. టీ కొట్టువాడు గబగబా గ్లాసులు తీసి దాచుకుంటున్నాడు.

"ఆపండ్రా! ఆపండి!" నహార్ మధ్యలో దూరాడు. ఎవరి మోచెయ్యో అతని పంటికి తగిలింది. నోట్లో ఉప్పగా అయింది.

మెట్ల మీద నుంచి డాక్టర్ సుహా కేక వేసింది. కంపైలర్లు చెప్పేది ఆవిడే. పొట్టి మనిషి. గొంతు మాత్రం బడిగంట. ఆ గొంతుకు కుర్చీ ఎత్తినవాడు కుర్చీ దించాడు.

"ఎవడ్రా మొదలుపెట్టింది? నువ్వా, నహార్?"

"సీటు, మేడం. కంపైలర్లలో సీటు. నాకదే ఆఖరి పేపరు."

"సీటు కోసమా? ఇంత రక్తమా?" ఆవిడ నమ్మలేనట్టు చూసింది. "ఆఖరి పేపరున్న వాడికి సెక్షన్‌లో ఒక కుర్చీ పెంచడానికి ఫారం ఉందయ్యా. నేనొక సంతకం, డీన్ ఒక సంతకం. నన్నొచ్చి అడగడానికి నోరు లేదా నీకు?"

నహార్‌కి నోరుంది. అడగొచ్చని తెలియదు. ఆరేళ్ళలో ఏ పనికీ ఆఫీసు గది తలుపు తట్టలేదు. చుట్టాల తలుపే తట్టాడు.

"పైకి రా. రెండింటికి రిజిస్ట్రేషన్ మూస్తారు. ఆ తర్వాత దేవుడొచ్చినా తెరవరు."

నహార్ ఆవిడ వెనక మెట్లెక్కాడు. కింద హాయిల్ ఫోన్ తీశాడు. మితిబ్ స్నేహితులూ ఫోన్లు తీశారు.

ఆవిడ ఫారం మీద సంతకం పెట్టి పంపింది. డీన్ మీటింగులో ఉన్నాడు. నహార్ గది బయట రెండు గంటలు నిలబడ్డాడు. కిటికీలోంచి కింది ఆవరణ కనిపిస్తోంది. మొదట పదిమంది, తర్వాత యాభైమంది. తర్వాత గేటు కర్ర విరిగింది. పికప్ బళ్ళు లోపలికి వచ్చాయి. బళ్ళలోంచి చదువుతో ఏ సంబంధం లేని మగవాళ్ళు దిగారు. చేతుల్లో పార పిడులు, ఇనుప గొట్టాలు. తలగుడ్డలు మూతికి చుట్టుకున్నారు. కాపలావాళ్ళు తమ గదిలోకి పోయి గడియ వేసుకున్నారు.

డీన్ కిటికీ వైపు చూస్తూనే సంతకం పెట్టాడు.

"బయటికి పోకు. పోలీసులొచ్చేదాకా ఇక్కడే ఉండు" అన్నాడు.

టైము ఒకటీ ముప్పై ఐదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఆవరణకు అవతలి కొసన ఉంది. మామూలుగా మూడు నిమిషాల నడక. నహార్ కాగితం మడిచి చొక్కా లోపల, పొట్ట దగ్గర పెట్టుకున్నాడు. బయటికి వెళ్ళాడు.

తలుపు దాటగానే రాయి భుజానికి తగిలింది. ఎవరు వేశారో తెలియదు. వేసినవాడికీ తెలిసి ఉండదు. దుమ్ములో మనుషులు గుంపులుగా మీద పడుతున్నారు, విడిపోతున్నారు. ఒకడు చెవి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళ మధ్య నుంచి రక్తం మోచేతి దాకా కారుతోంది. ఒకడు కారు అద్దాల మీద గొట్టంతో బాదుకుంటూ పోతున్నాడు. అది ఎవరి కారన్నది వాడికి అక్కర్లేదు. ఎక్కడో తుపాకీ నాలుగుసార్లు పేలింది. ఆడపిల్లలు లైబ్రరీ మెట్ల మీద ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు.

నహార్ గోడ పట్టుకుని నడిచాడు. పరుగెత్తితే ఏదో ఒక పక్షం వెంటపడుతుందని అతనికి తెలుసు.

"నహారన్నా!" పెదనాన్న రెండో కొడుకు ఖలఫ్ అరిచాడు. చేతిలో పార పిడి ఉంది, పెదవి చీలి ఉంది. "ఎక్కడికి పోతున్నావు? నీకోసమేగా ఇదంతా! ఇటు రా!"

నహార్ వినిపించనట్టు తల దించుకున్నాడు.

పార్కింగ్ దగ్గర రెండు బళ్ళ మధ్య ముగ్గురు ఒకణ్ణి కిందేసి కొడుతున్నారు. కొట్టేవాళ్ళలో హాయిల్ ఉన్నాడు. కింద ఉన్నది మితిబ్. మితిబ్ చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. హాయిల్ ఆ చేతులను కాలితో తొక్కి పక్కకు లాగాడు. గొట్టం ఎత్తాడు. దించాడు. తడి మట్టిలో పార దిగిన చప్పుడు వచ్చింది. మితిబ్ అరవలేదు. తల ఇటు తిప్పాడు. నహార్‌ని చూశాడు.

నహార్ ఆగాడు. పది అడుగుల దూరం. ఇద్దరి పెట్టు మనిషి నహార్. లారీ టైర్లు ఒంటిచేత్తో దించినవాడు. హాయిల్ మెడ పట్టి లాగితే లాగగలడు. లాగితే మిగతా ఇద్దరూ తన మీద పడతారు. చొక్కా చిరుగుతుంది. కాగితం చిరుగుతుంది. పన్నెండు నిమిషాలుంది.

కాగితం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. వెనక గొట్టం చప్పుడు ఇంకో రెండుసార్లు విన్నాడు. తర్వాత లెక్కపెట్టలేదు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా ఉమ్ లైస్ బెత్తెడు సందు వదిలి ఇనుప తలుపు దించేసింది. నహార్ నేల మీద బోర్లా పడుకుని కాగితం తలుపు కిందనుంచి లోపలికి తోశాడు.

"ఎవరది? ఫో! చంపుతారు నిన్ను!"

"అమ్మా, ఇంకా రెండు కాలేదు. డీన్ సంతకం ఉంది."

"బయట ఒకళ్ళనొకళ్ళు నరుక్కుంటుంటే నీకు పేపరు కావాలా?"

"కావాలమ్మా."

లోపల మీటల చప్పుడు వినిపించింది. తలుపు కిందనుంచి ఒక చీటీ వచ్చింది. కంపైలర్లు, మూడు గంటలు, విద్యార్థి సంఖ్య ముప్పై ఒకటి.

"పో నాయనా. నీ తల్లి నిన్ను ఏం తిని కన్నదో" అంది ఉమ్ లైస్.

మితిబ్‌కి కుడికన్ను పోయింది. దవడ రెండు చోట్ల విరిగింది. హాయిల్‌ని పోలీసులు పట్టుకుపోయారు.

తెగల కట్టుబాటులో రక్తం చిందిన తర్వాత మూడు రోజులు రక్తం మరిగే రోజులు. ఆ రోజుల్లో చేతికి దొరికినవాణ్ణి ఏం చేసినా అడిగే దిక్కు లేదు. అందుకని ఆ సాయంత్రమే జవాషిన ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ముసలివాళ్ళను, మేకలను, గ్యాసు బండలను పికప్‌ల మీదకెక్కించుకుని, నలభై కిలోమీటర్ల అవతల ఎడారి అంచున ఉన్న ఊరికి పోయారు. నహార్ తండ్రి ఒంటికాలితో వెనక కూర్చున్నాడు. రెండో రోజు నవాబిక కుర్రవాళ్ళు వచ్చి వదిలేసిన ఇళ్ళ కిటికీలన్నీ పగలగొట్టారు. వాకిట్లో ఉన్న, నహార్ తోలిన లారీని తగలబెట్టారు. పొగ రోడ్డు మీదికి కనిపించిందట.

క్లాసులు మొదలయ్యాయి. జవాషిన పిల్లలు పదిహేడుమంది చదువుతున్నారు. ఒక్కరూ వెళ్ళలేదు. వెళ్ళడానికి లేదు. కంపైలర్లు వారానికి మూడు క్లాసులు. ఏడు క్లాసులు మానినవాణ్ణి పరీక్షకు రానివ్వరు. రెండు వారాలు గడిచేసరికి నహార్ ఆరు మానాడు. ఏడోది, శుక్ర శనివారాల సెలవు దాటాక, ఆదివారం పొద్దున.

గురువారం సంధి మాటలకు నవాబిక గుడారానికి వెళ్ళారు. జవాషిన పెద్దలు, మధ్యవర్తులు, వెనక వరసలో కుర్రవాళ్ళు. నహార్ చివరన కూర్చున్నాడు. గిన్నెల్లో కాఫీ పోశారు. అడిగింది దొరికేదాకా తాగకూడదు గనక అందరి ముందూ గిన్నెలు చల్లారుతున్నాయి.

మితిబ్ తండ్రి అబూ మితిబ్ గొర్రెల కాపరి. మాట్లాడటం తక్కువ.

"కేసు తేలేదాకా సంధి ఇస్తాను. అప్పటిదాకా జవాషిన మగవాడు ఒక్కడూ యూనివర్సిటీ గేటు దాటకూడదు. నా కొడుకు మళ్ళీ అక్కడికి పోతాడు. వాడు ఒక్క కన్నుతో మీ మొహాలు చూడక్కర్లేదు."

"న్యాయం" అన్నాడు పెదనాన్న దహామ్.

"ఒక్కడు తప్ప." మితిబ్ తండ్రి వెనక వరసలోకి చూశాడు. "నా కొడుకు ఆస్పత్రిలో నోటికి తీగలు కట్టి ఉండగా చీటీ మీద రాశాడు. నహార్ అనేవాడు పది అడుగుల దూరంలో నిలబడి చూశాడంట. కొట్టలేదంట. ఆపనూ లేదంట. చేత్తో పొట్ట పట్టుకుని వెళ్ళిపోయాడంట. వాడెవడు?"

నహార్ లేచి నిలబడ్డాడు.

"నువ్వేనా? కొట్టనివాణ్ణి నేను శిక్షించను. ఆపనివాణ్ణి దేవుడు చూసుకుంటాడు. నువ్వు వెళ్ళి చదువుకో."

చెంపమీద కొట్టి ఉంటే నహార్‌కి అంత మంట పుట్టేది కాదు. ఐనా నోరు తెరిచాడు, ఒప్పుకోవడానికే. పెదనాన్న చెయ్యెత్తాడు.

"మీ మాట పెద్దది, అబూ మితిబ్. కాని మేం తీసుకోం. పోతే అందరం పోతాం, వస్తే అందరం వస్తాం. మీ దయమీద ఒక్క తల గేటు దాటడం మా ఇంటికి వద్దు."

కాఫీ తాగారు. లేచారు.

దారిలో నహార్ అడిగాడు. "పెదనాన్నా, ఆదివారం మానితే నా చదువు అయిపోతుంది. ఏడేళ్ళు."

"పదిహేడుమంది పిల్లలు ఇంట్లో కూర్చున్నారు నీ ఒక్క సీటు కోసం. నా కొడుకు జైల్లో ఉన్నాడు. నువ్వు మాత్రం పోయి దర్జాగా కూర్చుంటావా? సిగ్గులేదా?"

"గొట్టం ఎత్తమని నేను చెప్పలేదు."

"దించమనీ చెప్పలేదుగా." దహామ్ అతని వైపు చూడలేదు. "ఆ గేటు దాటావో, నువ్వు మావాడివి కాదు. దెబ్బలు తిన్నా అడిగేవాడుండడు."

ఇంట్లో తండ్రితో చెప్పాడు. తండ్రి చాలాసేపు కాలు లేనిచోట గుడ్డ సర్దుకున్నాడు.

"వెళ్తే మనవాళ్ళు బతకనివ్వరు. మానితే నిన్ను నువ్వు బతకనివ్వవు. నాకు తెలిసింది ఇంతే, నాన్నా" అన్నాడు.

ఆదివారం తెల్లారి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు. ఖలఫ్, ఇంకో తమ్ముడు షిబ్లి పికప్ పక్కన కాపు కాసి ఉన్నారు. ఇద్దరూ చిన్నప్పుడు నహార్ భుజాల మీద ఎక్కి తిరిగినవాళ్ళే.

"ఎటు, దొరా?"

"తెలుసుగా."

"వెనక్కి పో అన్నా. మంచిగా చెప్తున్నా."

"జరుగు, ఖలఫ్."

ఖలఫ్ తలతో ముక్కు మీద కొట్టాడు. నహార్ కింద పడ్డాడు. ఇద్దరూ తన్నారు. నహార్ ఎదురు కొట్టలేదు. కొట్టగలడు. చెయ్యెత్తబోయిన ప్రతిసారీ గొట్టం చప్పుడు చెవిలో వినిపించింది. డొక్కలో ఒక ఎముక పుల్లలా విరగడం తెలిసింది. షిబ్లి అతని కుడిచేతిని ఈడ్చి పికప్ తలుపు సందులో పెట్టాడు.

"ఈ చేత్తోనేగా మీట నొక్కేది?"

"షిబ్లీ, వద్దురా."

"వద్దన్న మాట ఆ రోజు మా హాయిల్‌కి చెప్పాల్సింది. వాడు జైలుకు పోయేవాడు కాదు."

తలుపు వేశాడు. నహార్ అరుపుకు రోడ్డు అవతల మేకలు చెదిరిపోయాయి. మళ్ళీ తెరిచి మళ్ళీ వేశాడు. మూడు వేళ్ళు మూడు వైపులకు తిరిగాయి.

దూరంగా బస్సు వచ్చింది. ఖలఫ్ ఏడుస్తున్నాడు. "పో! పోయి చావు! మళ్ళీ ఈ ఊళ్ళో కనపడకు!" అని అరుస్తూ బండెక్కాడు.

బస్సు డ్రైవరు తలుపు తీసి చూశాడు. నీళ్ళ సీసా విసిరాడు.

"ఆస్పత్రికా?"

"యూనివర్సిటీకి."

"పిచ్చోడివి. ఎక్కు. సీటు పాడుచెయ్యకు."

గేటు దగ్గర కాపలావాడు గుర్తింపు కార్డు చూసి, మొహం చూసి, పక్కకు తప్పుకున్నాడు. నహార్ రెండో అంతస్తు ఎక్కడానికి నాలుగుసార్లు ఆగాడు. తలుపు తోసి లోపలికి వెళ్ళాడు. మాటలన్నీ ఆగిపోయాయి. ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది, మొదటి వరసలో. దాని పక్కన మితిబ్. కుడికంటికి తెల్ల కట్టు. నహార్ వచ్చింది ఆ వైపు నుంచే.

కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

"ఎవరది?" మితిబ్ తల తిప్పలేదు. పళ్ళ మధ్య తీగలు ఇంకా ఉన్నాయేమో, మాట ముద్దగా వచ్చింది.

"నహార్."

మితిబ్ కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"రక్తం వాసనొస్తోంది. మావాళ్ళా?"

"కాదు. మావాళ్ళే."

"బాగా కొట్టారా?"

"బాగానే."

"ఊఁ."

"మితిబ్, ఆ రోజు నేను..."

"చూశాన్లే. అప్పుడు నాకు రెండు కళ్ళూ ఉన్నాయి."

మితిబ్ తన పుస్తకాన్ని కొంచెం ఎడమవైపుకు జరుపుకున్నాడు.

"దీని మీద కార్చకు" అన్నాడు.

డాక్టర్ సుహా లోపలికి వచ్చింది. నహార్‌ని చూసి నిలబడిపోయింది. అతని చెయ్యి చూసి నోరు తెరిచింది. నహార్ అడ్డంగా తల ఊపాడు. ఆవిడ కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చి హాజరు పుస్తకం తెరిచి, ఆ బడిగంట గొంతు ఇవాళ పగిలిపోతుండగా, పేర్లు పిలవడం మొదలుపెట్టింది. నహార్ విరిగిన వేళ్ళను పొట్టకు అదుముకుని, ఎడమచెయ్యి ఎత్తడానికి సిద్ధంగా పెట్టుకుని, ముప్పై పేర్లు అయ్యేదాకా కూర్చున్నాడు.